ముఖాలకు సున్నం కొట్టకండి

ఏ తెలుగింటి పెళ్లి ఆల్బమ్ అయినా తెరవండి. శ్రీకాకుళంలో జరిగిన పెళ్లి కానివ్వండి, సిద్దిపేటలో జరిగింది కానివ్వండి, డాలస్‌లో మనవాళ్లు చేసుకున్నది కానివ్వండి. ముందు పెళ్లికూతురి ముఖం చూడండి. తర్వాత ఆమె చేతులు చూడండి. రెండూ ఒకే ఒంటివని నమ్మబుద్ధి కాదు. ముఖం తెల్లగా వెలిగిపోతుంటుంది, ముంజేతులు చామనచాయలో ఉంటాయి. ముక్కు పక్కన పడాల్సిన నీడ లేదు. పుట్టినప్పటి నుంచి చెంప మీద ఉన్న మచ్చ లేదు. నవ్వితే కళ్ల కొసల్లో వచ్చే గీతలు లేవు. పేజీ తిప్పితే అమ్మమ్మ, మేనమామ, పెదనాన్న, అందరిదీ అదే వరస. ఇంటిల్లిపాదికీ ఒకే డబ్బాలోంచి తీసి సున్నం కొట్టేశారు. లక్షలు పోసి మనం ఇంటికి తెచ్చుకుంటున్నది మనవాళ్ల ముఖాలు కావు.

దీన్ని నేను నేరం అంటాను. మాట పెద్దదని తెలిసే అంటున్నాను. ఒక మనిషి బతుకులో పదిమందీ చూసే రోజున తీసిన ఫోటోలో ఆ మనిషి ఒంటిరంగును చెరిపేయడమంటే, నువ్వు ఉన్నట్టు ఉంటే చూడ్డానికి పనికిరావని రాసిచ్చినట్టే. ఆ రాత ఆ ఇంట్లో యాభై ఏళ్లు ఉంటుంది. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల దాన్ని చూస్తూ పెరుగుతుంది. తన తల్లి రంగు ఫోటోలో ఎందుకు లేదో ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. చెప్పకపోయినా అర్థమవుతుంది. తన రంగు దాచుకోవాల్సిందని బడిలో కంటే ముందు ఆ ఆల్బమే నేర్పుతుంది.

ఫోటోగ్రాఫర్లను అడిగితే సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది: నల్లటి ముఖం కెమెరాలో సరిగా రాదండీ, అందుకే కొంచెం టచింగ్ చేస్తాం. ఇది పచ్చి అబద్ధం. చెప్పేవాళ్లలో చాలామందికి అది అబద్ధమని తెలియదు, అదింకా ఘోరం. ఆ ముఖం ఎందుకు సరిగా రాలేదో ఒక్కొక్క మెట్టే చూద్దాం.

కెమెరాలో ఉండే మీటరుకు మనిషంటే ఏమిటో తెలియదు. ఎదురుగా ఉన్నవాటన్నింటినీ కలిపితే సగటున ఒక మధ్యస్థమైన బూడిద రంగు వస్తుందన్న లెక్క మీద అది నడుస్తుంది. పెళ్లిపీటల మీద ఏముంటుంది? మధుపర్కాల తెలుపు, తెల్ల పంచె, వెనకాల తెల్లపూల అలంకరణ. ఫ్రేమంతా తెలుపు నిండగానే వెలుగు ఎక్కువైందని మీటరు భ్రమపడి ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది. బట్టలు చక్కగా వస్తాయి, ముఖాలు చీకట్లో పడతాయి. బట్టల్ని వదిలేసి ముఖం మీద కొలత తీసుకుంటే చాలు, లేదంటే ఎక్స్‌పోజర్‌ను చేత్తో ఒకటి రెండు మెట్లు పైకి జరిపితే చాలు. అందుకు కావలసిన మీట ప్రతి కెమెరాలోనూ ఉంటుంది. కానీ దాన్ని తిప్పాలంటే ముందు ముఖం చూడాలి.

ముఖం చీకటిగా వచ్చిందని ఫోటోగ్రాఫర్ ఏం చేస్తాడు? కెమెరా నెత్తి మీది ఫ్లాష్ సూటిగా ముఖం మీదికి కొడతాడు. పక్కన మరొకడు ఎల్ఈడీ ప్యానెల్ ఎత్తి పట్టుకుంటాడు. కళ్లకు ఎదురుగా వచ్చిన వెలుగు ముఖంలోని ఎత్తుపల్లాలను చంపేస్తుంది. ముక్కు చెంపలో కలిసిపోతుంది, గడ్డం మెడలో కలిసిపోతుంది. హోమగుండం పక్కన చెమట పట్టిన నుదురు తెల్లటి మచ్చలా మెరుస్తుంది. ఆ మచ్చ పోగొట్టడానికి ఎడిటర్ చర్మాన్ని నునుపు చేస్తాడు. నునుపు చేశాక ముఖంలో జీవం ఉండదు. జీవం లేదని తెలుపు పెంచుతాడు. ఒక తప్పును కప్పడానికి ఇంకో తప్పు, దాన్ని కప్పడానికి మరో తప్పు. ఆఖరికి నింద పడేది మాత్రం పెళ్లికూతురి చర్మం మీద.

ముదురు రంగు ముఖం వెలుగును ఎలా అందుకుంటుందో తెలుసుకోవడం ఈ వృత్తిలో ఓనమాలు. లేతరంగు చర్మంలోకి వెళ్లిన వెలుగు లోపలే చెదిరి చాలావరకు బయటికొస్తుంది. ముదురు చర్మంలో మెలనిన్ దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకే చర్మం పైపొర మీద ప్రతిఫలించే మెరుపు ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. దవడ వంపును, చెంప ఎత్తును, నుదుటి గుండ్రదనాన్ని గీసి చూపించేది ఆ మెరుపే. అలాంటప్పుడు ఆ ముఖం దేన్ని ప్రతిఫలిస్తోందన్నదే అసలు విషయం. వెలుగు వచ్చే చోటు చిన్నదైతే మెరుపు చుక్కలా పడుతుంది. పెద్దదైతే, అంటే తెరిచిన తలుపో, ఎండ పడిన ఎదురింటి గోడో, తెల్లబట్ట కట్టిన కిటికీయో అయితే, ఆ మెరుపు చెంప పొడవునా నిదానంగా పరుచుకుంటుంది. మనిషిని కిటికీ పక్కన ఏటవాలుగా కూర్చోబెట్టి చూడండి. నల్లటి ముఖంలో ఎన్ని రంగులున్నాయో అప్పుడు తెలుస్తుంది. దానికి కొత్త లెన్సు అక్కర్లేదు.

ఈ అలక్ష్యం మన స్టూడియోల్లో పుట్టింది కాదు. దానికి ఒక చరిత్ర ఉంది, అది తెలియకపోతే దాని నుంచి బయటపడలేం. కలర్ ఫిలిం రోజుల్లో ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి కొడాక్ సంస్థ ల్యాబులకు ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లజాతి స్త్రీ ఫోటో ఉండేది. షర్లీ కార్డు అనేవాళ్లు దాన్ని. ఆమె చర్మం సరిగా వస్తే అందరి చర్మం సరిగా వచ్చినట్టేనని లెక్క. నల్లవాళ్ల ముఖాలు బురదరంగులోకి పోతున్నా చాలాకాలం అది సమస్యగానే కనిపించలేదు. చాక్లెట్ల రంగు తేడాలు రావడం లేదని మిఠాయి కంపెనీలు, చెక్కల రంగు తేడాలు రావడం లేదని ఫర్నిచర్ కంపెనీలు గొడవ చేశాక ఫిలిం తయారీదార్లు ముదురు రంగుల మీద దృష్టి పెట్టారు. మనిషి ముఖం చేయించలేని పని చాక్లెట్ బిళ్ల చేయించింది.

ఫిలిం పోయింది కదా అని ఊరట పడకండి. 2018లో జాయ్ బూలమ్‌వీనీ, తిమ్నిత్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు, ముఖం చూసి ఆడో మగో చెప్పే వ్యాపార సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లరంగు మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు. ముదురు రంగు ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక సాఫ్ట్‌వేర్‌లో అవి 34.7 శాతానికి చేరాయి. పరికరం మారినా, ఎవరి ముఖాన్ని కొలబద్దగా పెట్టుకున్నారన్న ప్రశ్న మారలేదు. పరికరాల పక్షపాతాన్ని సరిదిద్దాల్సింది వాటిని పట్టుకున్న మనిషి. ఆ మనిషి మనవాడై ఉండి, మన రంగువాడై ఉండి, ఆ పక్షపాతానికి ఎడిటింగ్ టేబుల్ మీద ఇంకో పూత పూయడమే నా కడుపుమంట.

సాధ్యం కాదన్నవాళ్లు సేదూ కెయితా తీసిన ఫోటోలు చూడాలి. మాలీ దేశపు రాజధాని బమాకోలో ఆయన 1948లో స్టూడియో పెట్టాడు. స్టూడియో అంటే ఇంటి ఆవరణే. ఎక్కువగా పగటి వెలుగులోనే తీశాడు. మొదట్లో వెనక తెరగా వాడింది తన మంచం మీది దుప్పటి. ఫిలిం ఖరీదైనది కాబట్టి మనిషికి సాధారణంగా ఒకే ఒక్క షాట్. వచ్చేవాళ్లు ఆ ఊరి గుమాస్తాలు, దుకాణదార్లు, కొత్త బట్టలు కుట్టించుకున్న అక్కచెల్లెళ్లు. కారునలుపు ముఖాలు. ఆ ఫోటోల్లో ప్రతి చెంపా చెక్కినంత స్పష్టంగా ఉంటుంది, ప్రతి కన్నూ మనతో మాట్లాడుతుంది. ఎవరినీ ఒక్క ఛాయ తెల్లబరచలేదు. మనిషిని ఎటు తిప్పితే, తల ఎంత వంచితే, చెయ్యి ఎక్కడ పెడితే తనలా ఉంటాడో చూసి, ఆ తర్వాతే షట్టర్ నొక్కాడు. ఈరోజు ఒక్క పెళ్లిలో వేల షాట్లు కొట్టేవాళ్ల చేతిలో లేనిది ఆ చూపే.

అంత మంచి వెలుగు మనకెక్కడిదంటారా? మన పాత మండువా ఇళ్లను మించిన పోర్ట్రెయిట్ స్టూడియో ప్రపంచంలో ఎవరూ కట్టలేదు. పైన ఆకాశం, నాలుగు వైపులా వసారా, సున్నం గోడల మీద పడి వెనక్కి వచ్చే మెత్తటి వెలుగు. సరిగ్గా అలాంటి వెలుగు కోసమే సినిమా ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా తపించాడు. 1956లో వచ్చిన 'అపరాజితో' సినిమాకి బనారసులోని ముంగిలి ఇంటిని స్టూడియోలో సెట్టు వేశారు. సెట్టు పైన బట్ట చాచి కట్టించి, దీపాలను నటుల మీదికి కాకుండా ఆ బట్ట మీదికి తిప్పాడాయన. పైనుంచి ఆకాశమే దిగివచ్చినట్టు వెలుగు పడింది. సినిమా వెలుగు గురించి మాట్లాడేవాళ్లు ఈనాటికీ ఆ పనిని తలుచుకుంటారు. మండువాలు పోయాయి సరే. ఫంక్షన్ హాలుకు వరండా ఉంటుంది, అపార్ట్‌మెంటుకు బాల్కనీ ఉంటుంది, పల్లెలో వేపచెట్టు నీడ ఉంటుంది. ఊదారంగు ఎల్ఈడీ గోడ ముందు నిలబెట్టి ముఖం మీద ప్యానెల్ కొట్టేవాడికి అవేవీ కనబడవు.

ఇప్పుడు రెండో నేరం. ఇది పెళ్లి ఫోటోగ్రాఫర్లది కాదు, వాళ్లను చిన్నచూపు చూస్తూ తమను కళాకారులమని చెప్పుకునేవాళ్లది. ఫోటో పోటీల గోడలు చూడండి. అరకులో ముక్కుకు మూడు పోగులు పెట్టుకున్న గిరిజన అవ్వ, చార్మినారు పక్కన గడ్డం నెరిసిన తాత, ఉత్తరాంధ్రలో అడ్డపొగ పీలుస్తున్న ముసలమ్మ. అన్నీ నలుపు తెలుపులో. క్లారిటీ చివరిదాకా పెంచి, నలుపు నల్లరాయిలా, ముడతలు గొడ్డలి గాట్లలా కనబడేట్టు చేసి, కింద "కాలం గీసిన గీతలు" అని పేరు. అవ్వ పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. డబ్బిచ్చే ముఖం మీద ఒక్క ముడత ఉండకూడదు. డబ్బివ్వలేని ముఖం మీద ముడత తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఒకరిని తెల్లబరుస్తాం, ఇంకొకరిని బండబరుస్తాం. పేరుకు ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, ఇద్దరిదీ ఒకే జబ్బు. ఎదుట ఉన్న మనిషిని చూడకముందే ఆ ముఖం ఎలా ఉండాలో తేల్చేసుకున్నారు. ఒకరు వచ్చేది అంగట్లో అమ్ముడుపోయే అందం కోసం, ఇంకొకరు వచ్చేది బహుమతి తెచ్చే పేదరికం కోసం. మనిషి కోసం ఎవరూ రాలేదు.

ముసలి ముఖాన్ని ఎలా చూడాలో నూటయాభై ఏళ్ల కిందటే ఒకామె చూపించింది. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ 48 ఏళ్ల వయసులో మొదటిసారి కెమెరా పట్టుకుంది. 1867లో శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఫోటో తీసింది. మన డార్క్‌రూముల్లో హైపో అని పిలిచిన రసాయనం ఫోటోను చెరిగిపోకుండా నిలబెడుతుందని చెప్పినవాడు ఆయనే. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. ఆయన ఇంటికే పరికరాలు మోసుకెళ్లి, చీకటి నేపథ్యంలో ఒక పక్క నుంచి వెలుగు పడనిచ్చి, ముఖానికి దగ్గరగా వెళ్లింది. ముడతలన్నీ ఉన్నాయి. ఒక్కటీ దాచలేదు, ఒక్కదాన్నీ పెంచలేదు. ఆ ఫోటో ముందు నిలబడ్డవాళ్లు లెక్కపెట్టేది ముడతలను కాదు. ఆకాశాన్ని జీవితమంతా చూసిన ఆ కళ్ల నుంచి ఎవరూ చూపు తిప్పుకోలేరు. ఫోకస్ సరిగా లేదని అప్పటి ఫోటోగ్రఫీ పత్రికలు ఆమెను తిట్టిపోశాయి. ఈనాడు ఆ తిట్టినవాళ్ల ఫోటోలు ఎవరికీ గుర్తు లేవు.

ఇక పేర్ల సంగతి. 1868 నుంచి 1875 వరకు ఇంగ్లీషు ప్రభుత్వం ఎనిమిది సంపుటాలుగా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అనే ఫోటోల పుస్తకం వేయించింది. అందులో చాలా ముఖాల కింద ఉండేది మనిషి పేరు కాదు, కులం పేరు, తెగ పేరు. పాలించేవాడికి కావలసింది జాబితా. 1936లో కాలిఫోర్నియాలో డొరొతియా లాంగ్ తీసిన వలసకూలీ తల్లి ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలియడానికి నలభై ఏళ్లు పట్టింది, ఎందుకంటే తీసినప్పుడు లాంగ్ పేరు అడగలేదు. 1985లో నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీదికెక్కిన ఆకుపచ్చ కళ్ల ఆఫ్ఘన్ బాలిక పేరు షర్బత్ గులా అని 2002 దాకా తెలియదు. అవి గొప్ప ఫోటోలే, నేను కాదనను. కానీ ఆ కళ్లను కోట్లమందికి అమ్మినవాళ్లు ఆ పిల్ల పేరును ఒక చీటీ మీద రాసుకోలేకపోయారు. గొప్ప ఫోటోగ్రాఫర్లకే అది మచ్చ అయినప్పుడు, వారాంతపు బృందయాత్రల్లో అవ్వల్ని చుట్టుముట్టి పది కెమెరాలతో కాల్చి, పదిరూపాయల నోటు చేతిలో పెట్టి వెళ్లిపోయేవాళ్లను ఏమనాలి?

కస్టమరే తెల్లగా చేయమంటున్నాడు, మేమేం చేస్తాం? ఈ వాదనకు జవాబు చెప్పి తీరాలి, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. తెల్లగా ఉంటేనే అందమన్న మాటను ఈ దేశానికి స్టూడియోలు నేర్పలేదు. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ బజారులోకి వచ్చింది, ఆ మాట అమ్ముకునే బతికింది. కానీ ఆ కంపెనీ కూడా 2020లో సిగ్గుపడో, భయపడో పేరులోంచి ఫెయిర్ తీసేసింది. క్రీము అమ్మేవాడు వదులుకున్న మాటను ఫోటోగ్రాఫర్లు ఇంకా పట్టుకుని వేలాడుతున్నారు. పైగా తెల్లగా చేయమని అడిగేది చాలాసార్లు పెళ్లికూతురు కాదు, ఎవరో బంధువు. అసలు చాలాచోట్ల ఎవరూ అడగరు. అడగకుండానే ఎడిటర్ మౌసు మీద వేలు పెడతాడు, అది అలవాటైపోయింది. మంచి వెలుగులో, ఉన్న రంగులో తీసిన ఫోటోను ముందు చూపించండి. పక్కన తెల్లబరచింది పెట్టండి. ఏది కావాలో అమ్మాయిని అడగండి, మేనత్తను కాదు. ఆ ఒక్క ప్రశ్న అడిగే ధైర్యం లేనివాడు కస్టమరు మీద నెపం వేయడం మానుకోవాలి.

ముహూర్తం హడావిడిలో టైమెక్కడుందంటారు. టైముంది. ప్రీ వెడ్డింగ్ షూట్ పేరిట రోజులకు రోజులు పొగ డబ్బాలు కాల్చడానికి టైముంది. అడ్డుతెర తీసిన క్షణాన వాళ్లిద్దరి కళ్లూ నిజంగా కలుసుకున్నది వదిలేసి, "మళ్లీ ఒకసారి ఇటు చూసి వేయండి సార్" అని తలంబ్రాలు రెండోసారి పోయించడానికి టైముంది. పురోహితుడిని ఆపడానికి, పెద్దవాళ్లను పక్కకు తోయడానికి, డ్రోన్ ఎగరేయడానికి టైముంది. అమ్మాయిని ముస్తాబు చేస్తున్నప్పుడు కిటికీ దగ్గర ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, పేరు పెట్టి పలకరించి, ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆగడానికి మాత్రం లేదు. మన నేల మీదే ఇంతకంటే మర్యాద తెలిసిన ఫోటోగ్రాఫర్లు ఉండేవారు. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పర్దా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని నడపడానికి ఒక మహిళనే నియమించాడు. కెమెరా ముందు కూర్చునే మనిషి ఎలా ఉంటే నిబ్బరంగా ఉంటుందో ముందు ఆలోచించాడు. అప్పటి స్టూడియోల్లో గాజు కప్పు, వెలుగును అటూ ఇటూ మళ్లించే తెరలు ఉండేవి. మన చేతిలో ఉన్నవాటిలో పదో వంతు సౌకర్యం వాళ్లకు లేదు.

ఈ అలక్ష్యానికి అందరికంటే ఎక్కువ బలైనవాళ్లు మన పెద్దవాళ్లు. తాత పోయిన పదోరోజుకి దండ వేయడానికి ఫోటో కావాలి. ఇల్లంతా వెతికితే దొరికేది ఓటరు కార్డు మీది బొమ్మ, లేదంటే ఆధార్ కోసం వెబ్ కెమెరాతో తీసిన బెదురుచూపు. దాన్నే పెద్దది చేయించి, తెల్లబరిచి, ఆయన ఏనాడూ వేసుకోని కోటు తొడిగి గోడకు వేలాడదీస్తాం. ఇప్పుడు ఫోన్ యాప్‌లు ఇంకో అడుగు ముందుకేసి, మసకబారిన చోట లేని ముక్కూ లేని పెదవులూ సొంతంగా కల్పించి ఇస్తున్నాయి. ఆయన మనవరాలి పెళ్లిలో కెమెరాలు నాలుగున్నాయి, ఆయన ముందు వరసలోనే కూర్చున్నాడు. ఒక్కరూ ఆయన దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, ఆయన కళ్లజోడు మీది మెరుపు తప్పించి ఒక్క ఫోటో తీయలేదు.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. ఫోటోగ్రాఫర్లారా, ముఖం మీద మీటరు పెట్టండి, ఫ్లాష్‌ను గోడ మీదికో కప్పు మీదికో తిప్పండి, మనిషిని వెలుగు దగ్గరికి తీసుకెళ్లండి. మనిషి ఒప్పుకోకుండా చర్మం రంగు మార్చే పనిని ఈరోజే మానేయండి. ఫోటోగ్రఫీ నేర్పేవాళ్లారా, మొదటి పాఠం చామనచాయ ముఖం మీద చెప్పండి, ఎందుకంటే మీ శిష్యులు తీయబోయేది ఆ ముఖాలనే. పోటీల న్యాయనిర్ణేతలారా, మనిషి పేరూ అనుమతీ లేని పోర్ట్రెయిట్‌ను గడప దాటనివ్వకండి. పత్రికల సంపాదకులారా, కూలీ ముఖం వేసినప్పుడు మంత్రి పేరు వేసినంత శ్రద్ధగా కూలీ పేరు వేయండి.

పెళ్లి పెట్టుకున్న కుటుంబాలకు చివరి మాట. బయానా ఇచ్చేటప్పుడు డ్రోన్లెన్ని, ఆల్బమ్ పేజీలెన్ని అని అడుగుతున్నారు. దానికి ముందు ఒక్కటి అడగండి: మా అమ్మాయి రంగు మా అమ్మాయికి ఉంచుతారా, లేదా? ఉంచుతామని కాగితం మీద రాయించుకోండి. ఆల్బమ్ వచ్చినప్పుడు ముఖం పక్కన చెయ్యి పెట్టి చూడండి. రెండూ కలవకపోతే అది మీ ఫోటో కాదు. వెనక్కి పంపండి, మిగతా డబ్బు ఆపండి. పదిళ్లవాళ్లు ఈ పని చేస్తే పదకొండో ఇంటి పెళ్లికి సున్నం డబ్బా తెచ్చే ధైర్యం ఎవరికీ ఉండదు.